దేశం శోకంలో ఉన్నప్పుడు రాక్ స్టేజ్ మీద ఏం జరగాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. దేశమంతా శోకంలో ఉన్నప్పుడు రాక్ కచేరీ పెట్టడం సబబేనా అన్నది మొదటిది. ఆ ఘోరం మతం పేరుతో జరిగి, జనం రెండుగా చీలిపోయి ఉంటే స్టేజ్ మీదున్నవాళ్ళు ఏం మాట్లాడాలి, అసలు మాట్లాడాలా అన్నది రెండోది. నేను చాలా ఏళ్ళు స్టేజ్ మేనేజర్‌గా పనిచేశాను. ఇలాంటి రాత్రుల గురించి దొరికిందల్లా చూస్తూ, చదువుతూ వచ్చాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. కచేరీతో గాయాలు మానవు, మతాల మధ్య గొడవ తీరదు. తీరుతుందని పోస్టర్ మీద వేసేవాళ్ళను నమ్మకండి. కానీ కచేరీ చేయగలిగిన పని ఒకటుంది. స్టేజ్ మీదున్న మనిషి తన సొంత అభిమానులకు, వాళ్ళు వినడానికి ఇష్టపడని మాట చెప్పగలడు. అవతలి పక్షాన్ని తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు, దానికి చప్పట్లు ఎలాగూ పడతాయి. సొంతవాళ్ళతో మాట్లాడటానికే గుండె కావాలి.

దీనికి ఉత్తర ఐర్లాండ్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఐర్లాండ్‌లో కలవాలనే కాథలిక్కులు, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లు, మధ్యలో సైన్యం, రెండు వైపులా సాయుధ ముఠాలు. దాదాపు ముప్పై ఏళ్ళలో 3,500 మంది దాకా చనిపోయారు. సంగీతం కూడా ఆ హింసకు బలైంది. మయామీ షోబ్యాండ్ అనే బృందంలో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి వాయించేవాళ్ళు. 1975 జులై 31 తెల్లవారుజామున కచేరీ ముగించుకుని డబ్లిన్‌కు తిరిగి వెళ్తుంటే, సైనికుల దుస్తుల్లో ఉన్న ప్రొటెస్టెంట్ ముఠావాళ్ళు దొంగ చెక్‌పోస్ట్ పెట్టి వాళ్ళ వ్యాన్ ఆపారు. అందరినీ కిందికి దింపి రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. వ్యాన్‌లో రహస్యంగా బాంబు పెట్టబోతే అది ముందే పేలి, పెడుతున్న ఇద్దరూ చచ్చిపోయారు. మిగతావాళ్ళు బ్యాండ్ మీద కాల్పులు జరిపారు. ముగ్గురు సంగీతకారులు చనిపోయారు, వాళ్ళలో ఒకరు ప్రొటెస్టెంట్.

ఆ తర్వాత బయటి బ్యాండ్లు చాలావరకు అటు వెళ్ళడం మానేశాయి. గిటారిస్ట్ రోరీ గల్లాఘర్ లాంటి ఒకరిద్దరు మాత్రం అక్కడి రాజధాని బెల్‌ఫాస్ట్‌ను వదల్లేదు. అలా వచ్చినవాళ్ళను ఆ ఊరి జనం ఇప్పటికీ తలుచుకుంటారు. 1977 అక్టోబర్‌లో లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ వచ్చింది. ఇన్సూరెన్స్ కుదరక షో రద్దయితే కుర్రాళ్ళు హాలు బయట రోడ్డు మీదే గొడవకు దిగారు. ఆ గొడవ మతాల మధ్య కాదు. రెండు వర్గాల పిల్లలూ ఒకే పాటల కోసం ఒకే చోట నిలబడ్డారు. కొద్ది నెలల్లోనే హార్ప్ బార్ లాంటి చోట్ల స్థానిక పంక్ బ్యాండ్లు మొదలయ్యాయి. నువ్వు ఏ వీధివాడివి అని అడగకుండా ఇద్దరు పిల్లలు మాట్లాడుకోగలిగిన చోట్లు ఆ ఊళ్ళో చాలా తక్కువ. ఆ బార్ అలాంటిది. ఎవరూ శాంతి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1987 నవంబర్ 8, ఆదివారం. ఎనిస్కిల్లెన్ అనే చిన్న పట్టణంలో యుద్ధవీరుల సంస్మరణ కోసం జనం గుమిగూడారు. కాథలిక్కుల వైపు సాయుధ ముఠా ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలి గోడ కూలింది. 11 మంది చనిపోయారు, ఎక్కువ మంది వయసు మళ్ళినవాళ్ళు. అదే రోజు రాత్రి అమెరికాలోని డెన్వర్‌లో ఐర్లాండ్ బ్యాండ్ యూ2 షో ఉంది. ఆ పర్యటనను అప్పటికే సినిమాగా తీస్తున్నారు, కాబట్టి ఆ రాత్రి ఏం జరిగిందో ఇవాళ మనమూ చూడొచ్చు.

యూ2కు ‘సండే బ్లడీ సండే’ అనే పాట ఉంది. 1972 జనవరి 30న డెర్రీలో బ్రిటిష్ సైనికులు నిరాయుధులైన ఊరేగింపు మీద కాల్పులు జరిపితే అక్కడికక్కడే 13 మంది చనిపోయారు. ‘బ్లడీ సండే’ అనే ఆ రోజు పేరు పాటకు అతుక్కుని ఉంది. దాంతో దాన్ని తమ తిరుగుబాటు గీతంగా పాడుకునేవాళ్ళు చాలామంది తయారయ్యారు. ఇది తిరుగుబాటు పాట కాదని గాయకుడు బోనో అంతకు ముందు నుంచే స్టేజ్ మీద చెబుతూ వచ్చాడు. అతని తండ్రి కాథలిక్, తల్లి ప్రొటెస్టెంట్.

డెన్వర్‌లో పాట మధ్యలో వాయిద్యాలు తగ్గాయి. బోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. చెప్పింది ఎవరితో అన్నది గమనించండి. బాంబు పెట్టినవాళ్ళు ఆ హాల్లో లేరు. ఐర్లాండ్ విప్లవమంటే మురిసిపోయే ఐరిష్ అమెరికన్లు అమెరికాలో లక్షల్లో ఉన్నారు. అక్కడ పోగైన చందాల్లో కొంత తుపాకులకు పోతోందని అందరికీ తెలుసు. ఇరవై ముప్పై ఏళ్ళుగా ఆ దేశం మొహం చూడనివాళ్ళు నా దగ్గరికొచ్చి విప్లవం గురించీ దాని కోసం చావడంలోని గొప్పతనం గురించీ చెబుతున్నారు, విని విని విసిగిపోయాను అన్నాడు. మంచం మీదున్న మనిషిని లేపి పెళ్ళాం పిల్లల ముందు కాల్చడంలో గొప్పేముంది అని అడిగాడు. పాత పతకాలు తుడుచుకుని పెట్టుకొచ్చిన ముసలివాళ్ళ మీద బాంబు వేయడంలో గొప్పేముంది అని అడిగాడు. మా దేశంలో ఎక్కువమందికి ఆ విప్లవం అక్కర్లేదు అన్నాడు. ఇక చాలని జనంతో అనిపించాడు. మళ్ళీ డ్రమ్స్ అందుకున్నాయి.

ఆ మాటల కోపం అందరికీ గుర్తుంటుంది. నాకు ఎక్కువ గుర్తుండేది దాని గురి. తన దేశం పేరు వింటే ఉప్పొంగిపోయేవాళ్ళకు, తన టికెట్లు కొనేవాళ్ళకు, ఆ బాంబు వెనక మీ మురిపెం కూడా ఉందని చెప్పాడు. నష్టపోయేది ఉంటే అతనే నష్టపోవాలి. కచేరీలో మాటకు విలువ అక్కణ్ణించి వస్తుంది.

మాట్లాడకపోవడం కూడా అదే బ్యాండ్ చూపించింది. 1998లో ఉత్తర ఐర్లాండ్ రెండు పక్షాల మధ్య గుడ్ ఫ్రైడే అనే శాంతి ఒప్పందం కుదిరాక మే 22న ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ప్రొటెస్టెంట్లలో చాలామంది ఊగిసలాడుతున్నారు. మూడు రోజుల ముందు, మే 19న, బెల్‌ఫాస్ట్ వాటర్‌ఫ్రంట్ హాల్లో యూ2, ఆ ప్రాంతపు కుర్రాళ్ళ బ్యాండ్ యాష్ కలిసి వాయించాయి. ముందున్నది ఎక్కువగా స్కూలు పిల్లలు, దాదాపు రెండు వేల మంది. కాథలిక్ జాతీయవాదుల నాయకుడు జాన్ హ్యూమ్ ఒక పక్క నుంచి, ప్రొటెస్టెంట్ల పెద్ద పార్టీ నాయకుడు డేవిడ్ ట్రింబుల్ ఇంకో పక్క నుంచి వచ్చారు. కోట్లు లేవు, చొక్కా, టై అంతే. ఇద్దరూ చేతులు కలిపారు. బోనో మధ్యలో నిలబడి ఇద్దరి చేతులూ పైకెత్తాడు. వాళ్ళు ప్రసంగించలేదు. చనిపోయినవాళ్ళ కోసం హాలంతా మౌనం పాటించింది. మర్నాడు ఆ ఫొటో పత్రికలన్నిటా వచ్చింది. ఉత్తర ఐర్లాండ్‌లో 71 శాతం ఒప్పందానికి ఓటేశారు. ఆ ఓట్లు కచేరీ తెచ్చిందని నేను అనను. ఏళ్ళ తరబడి చర్చలు చేసినవాళ్ళ కష్టం అది. ఆ ఇద్దర్నీ ఒకే చట్రంలో ఎలా చూపించాలో మాత్రం స్టేజ్ వేసేవాళ్ళకే బాగా తెలుసు. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్ట్ 15న అక్కడి ఒమా పట్టణంలో బాంబు పేలి 29 మంది పోయారు. అందుకే కచేరీ గాయం మాన్పదని మొదట్లోనే అన్నాను.

దూరంగా ఉండి సానుభూతి చూపడంలో ఉన్న చిక్కు కూడా తెలుసుకోవాలి. 1993లో, బోస్నియా యుద్ధం నడుస్తుండగా, ఆ దేశ రాజధాని సరాయెవో ముట్టడిలో ఉంది. యూ2 తన యూరప్ షోల మధ్యలో శాటిలైట్ ద్వారా ఆ నగరంలోని మామూలు మనుషులతో మాట్లాడేది. స్టేడియంలో పెద్ద స్క్రీన్ మీద వాళ్ళ ముఖం, చుట్టూ వేలాదిమంది. లండన్ వెంబ్లీ షోలో ముగ్గురు అమ్మాయిలు స్క్రీన్ మీదకొచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి సూటిగా అడిగింది, మీరు మా కోసం ఏం చేయబోతున్నారు అని. మీరేమీ చేయరని మాకు తెలుసు అని కూడా అంది. స్టేడియం చల్లబడిపోయింది. ఆ తర్వాత ఆ శాటిలైట్ సంభాషణలు ఆగిపోయాయి.

దానికి జవాబు ఆలస్యంగానైనా వచ్చింది. యుద్ధం ముగిశాక 1997 సెప్టెంబర్ 23న యూ2 తన భారీ స్టేజ్ మొత్తాన్ని సరాయెవో కోషెవో స్టేడియానికి తీసుకెళ్ళింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆగిపోయిన రైళ్ళు ఆ కచేరీ కోసం నడిచాయి. బోస్నియాక్‌లు, సెర్బులు, క్రొయేట్లు, అంటే ముస్లింలు, ఆర్థొడాక్స్ క్రైస్తవులు, కాథలిక్కులు, దాదాపు 45,000 మంది ఒకే మైదానంలో నిలబడ్డారు. మొదట పాడింది ఆ ఊరి మదర్సా అమ్మాయిల బృందం, తర్వాత స్థానిక రాక్ బ్యాండ్లు. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది, వచ్చిన అతిథి కంటే ముందు ఇంటివాళ్ళ గొంతు వినబడింది. బోనో గొంతు ఆ రాత్రి పూర్తిగా పోయింది. అతను పాడలేని చోట జనమే పాడారు. గిటారిస్ట్ ఎడ్జ్ ‘సండే బ్లడీ సండే’ను ఒక్కడే గిటార్ పట్టుకుని నెమ్మదిగా పాడాడు.

ఇంకో పేరు కూడా చెప్పాలి, దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1994 డిసెంబర్‌లో, ముట్టడి నడుస్తుండగానే, ఇగ్మన్ కొండ దారిలో లారీలో వెళ్ళి సరాయెవోలో హెవీ మెటల్ షో చేశాడు. పెద్ద స్క్రీన్లు లేవు. అతను వచ్చాడు, అంతే. అక్కడివాళ్ళు ఆ షో గురించి ఇప్పటికీ చెబుతారు.

సరైన మాట కూడా సమయం కుదరకపోతే ఏమవుతుందో న్యూయార్క్‌లో చూశాం. 2001 అక్టోబర్ 20న, అంటే సెప్టెంబర్ 11 దాడిలో జంట టవర్లు కూలి ఆరు వారాలు కూడా కాకముందు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాల్ మెక్‌కార్ట్‌నీ పూనికతో పెద్ద కచేరీ జరిగింది. ముందు వరసల్లో ఫైర్‌మెన్, పోలీసులు, వాళ్ళ కుటుంబాలు. చాలామంది చేతుల్లో పోయినవాళ్ళ ఫొటోలు. ఒక్క ఫైర్ డిపార్ట్‌మెంటే 343 మందిని పోగొట్టుకుంది. శిథిలాల కింద మంటలు అప్పటికి ఆరలేదు. డేవిడ్ బోవీ స్టేజ్ మధ్యలో నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒడిలో పట్టేంత చిన్న ఎలక్ట్రానిక్ వాయిద్యంతో ఒక్కడే మొదటి పాట పాడాడు. తర్వాత లేచి తన ఇంటి దగ్గరి ఫైర్ స్టేషన్ వాళ్ళను ప్రత్యేకంగా పలకరించాడు. ఆ పలకరింపు ఎంత చిన్నదో చూడండి. ద హూ బ్యాండ్ వచ్చి చెవులు చిల్లులు పడేలా వాయిస్తే అదే జనం లేచి ఊగిపోయారు. శోకంలో ఉన్నవాళ్ళకు మెల్లని పాటలే కావాలనుకోవడం పొరపాటు.

అదే రాత్రి నటుడు రిచర్డ్ గేర్ కరుణ గురించి, అవతలివాణ్ణి అర్థం చేసుకోవడం గురించి మాట్లాడితే హాలు గేలి చేసింది. ఇది ఇప్పుడు నచ్చే మాట కాదని తనే ఒప్పుకుని ముగించాడు. అతని మాటలో తప్పు లేదు. సెప్టెంబర్ 15నే అరిజోనాలో ఒక సిక్కు వ్యాపారిని, ముస్లిం అనుకుని, అతని పెట్రోల్ బంక్ ముందే కాల్చి చంపారు. దేశానికి ఆ మాట అత్యవసరంగా కావాలి. కాకపోతే, తమ్ముడి శవం ఇంకా దొరకని మనిషి అది వినే స్థితిలో లేడు. గేర్ వాళ్ళవాడూ కాదు. అదే మాట ఫైర్‌మన్ బట్టల్లో ఉన్నవాడు చెప్పి ఉంటే హాలు ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

బాధితులే విద్వేషం వైపు జారడం కూడా జరిగింది. 2015 నవంబర్ 13న పారిస్‌లో బటాక్లాన్ హాల్లో ఈగల్స్ ఆఫ్ డెత్ మెటల్ వాయిస్తుండగా ఉగ్రవాదులు చొరబడి 90 మందిని చంపారు. ఆ బ్యాండ్ మూడు నెలలకే పారిస్ వచ్చి, బతికి బయటపడ్డవాళ్ళ ముందు షో చేసింది. అందుకు నాకు వాళ్ళంటే గౌరవం. కానీ ఆ బ్యాండ్ గాయకుడు 2016 మార్చిలో హాలు సెక్యూరిటీ సిబ్బందికి ముందే తెలుసన్నట్టు అనుమానం వెలిబుచ్చి, క్షమాపణ చెప్పి, తర్వాత మళ్ళీ ముస్లింల మీద ఆరోపణలు చేశాడు. రెండు ఫ్రెంచ్ ఫెస్టివల్స్ ఆ బ్యాండ్‌ను తీసేశాయి. ఆ రాత్రి ఎమర్జెన్సీ తలుపు తెరిచి ఎంతోమందిని బయటికి పంపినవాడు అల్జీరియా మూలాలున్న సెక్యూరిటీ గార్డ్. స్టేజ్ మీద అనుభవించిన భయం ఎంత నిజమైనా, మైక్ చేతిలో ఉన్నవాడు ఒక మతం మొత్తం మీద వేలెత్తితే దాని ఫలితం దారిన పోయే మామూలు మనిషి మీద పడుతుంది.

ఏడాది తర్వాత, 2016 నవంబర్ 12న, అదే హాలును బ్రిటిష్ గాయకుడు స్టింగ్ కచేరీతో తెరిచాడు. ముందు ఫ్రెంచ్‌లో నాలుగు మాటలు, ఒక నిమిషం మౌనం, తర్వాత పాట. పక్కన ట్రంపెట్ వాయించింది బీరూట్‌లో పుట్టిన ఇబ్రహీం మలూఫ్. సముద్రం దాటుతున్న శరణార్థుల గురించి, ‘ఇన్షా అల్లా’ అనే మాటతో సాగే పాట కూడా ఆ రాత్రి పాడారు. ఆ హాల్లో ఆ మాట వినబడాలంటే ఎంత ఆలోచించి ఉంటారో! ఏ వివరణా లేకుండా చెప్పాల్సింది చెప్పేశారు.

ఇక మీరు అడిగిన పని సంగతులు. షో చేయాలా వద్దా అన్నదానికి నా కొలత ఒకటే: గల్లంతైనవాళ్ళ కోసం ఇంకా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారంటే ఆ ఊళ్ళో షో వద్దు. బటాక్లాన్ మర్నాటి పారిస్ షోను యూ2 ఆపేసి డిసెంబర్‌లో తిరిగొచ్చింది, అది సరైన పద్ధతి. మాంచెస్టర్‌లో 2017 మే 22న అమెరికన్ గాయని అరియానా గ్రాండే షో ముగిసే వేళ బాంబు పేలి 22 మంది పోయాక, జూన్ 4నే ఆమె అక్కడ పెద్ద కచేరీ చేసింది. అది త్వరే. అయితే ముందు పోలీసులు బాధిత కుటుంబాలను అడిగారు. ఎక్కువమంది సరే అన్నారు, అందరూ కాదు. చనిపోయిన ఒకమ్మాయి తల్లిని అరియానా కలిస్తే, మా పాప ఉంటే హిట్ పాటలే వినాలనుకునేది అని ఆ తల్లి చెప్పింది. అప్పటికి గంభీరమైన పాటలతో వేసుకున్న సెట్‌లిస్ట్‌ను దానికోసం మార్చేశారు. సెట్‌లిస్ట్ ఎవరిని అడిగి రాయాలో నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

మౌనం పాటించేటప్పుడు జాగ్రత్తగా ఉండండి, ఎక్కువ షోలు దెబ్బతినేది అక్కడే. ఎంతసేపో, ఎవరు ముగిస్తారో ముందే జనానికి చెప్పండి. చెప్పకపోతే ముప్పై సెకన్లకే ఎవరో ఒకరు అరుస్తారు, ఇంకొకరు వాణ్ణి తిడతారు. పీఏ, అంటే హాలు స్పీకర్ల సిస్టమ్, ఛానెళ్ళన్నీ మ్యూట్ చేయించండి. గిటార్ ఆంప్ నుంచి వచ్చే సన్నటి గీ శబ్దం మామూలు షోలో ఎవరికీ వినబడదు, మౌనంలో హాలంతా అదే వినబడుతుంది. పొగ మెషీన్లు ఆపించండి. హాలు లైట్లు సగం వెలిగించి ఉంచండి, జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. మౌనం తర్వాత చప్పట్లకు చోటివ్వకుండా ఒక్క వాయిద్యంతో పాట మొదలవ్వాలి. కాల్పులో, పేలుడో జరిగిన ఊళ్ళో అయితే టపాకాయల్లాంటి పైరో, కాగితం ముక్కలు చిమ్మే కెనాన్లు, ఒక్కసారిగా చీకటి చేయడం, స్ట్రోబ్ లైట్లు, ఇవన్నీ తీసేయండి. బయటికి వెళ్ళే దారులు ఎక్కడున్నాయో షోకు ముందే మైక్‌లో చెప్పించండి. సౌండ్‌చెక్‌లో మౌనాన్ని కూడా ఒకసారి రిహార్సల్ చేయండి.

రెండు మతాల పెద్దల్ని స్టేజ్ ఎక్కించి దండలు వేయించడం గురించి అడిగారు. నాకు నమ్మకం లేదు. వాళ్ళిద్దరి మధ్య నిజంగా ఏదో ఒప్పందం కుదిరి ఉంటే అది వేరు, బెల్‌ఫాస్ట్‌లో అలా కుదిరింది కాబట్టే ఆ చిత్రం నిలబడింది. లేకపోతే ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరి పేరు పైన వేయాలి అనే టెన్షన్‌తోనే మీ రోజంతా పోతుంది. దానికి బదులు రెండు వర్గాల పిల్లలున్న స్థానిక బ్యాండ్ ఉంటే మొదటి అరగంట వాళ్ళకివ్వండి. 2019లో న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో మసీదుల మీద దాడిలో 51 మంది చనిపోయారు. రెండు వారాలకు, దాడి జరిగిన అల్ నూర్ మసీదు ఎదురుగా ఉన్న పార్కులో సంస్మరణ సభ జరిగింది. యూసుఫ్ ఇస్లాం, అంటే ఒకప్పటి క్యాట్ స్టీవెన్స్, గిటార్‌తో వచ్చి తన పాత శాంతి పాట పాడాడు. ఇస్లాం తీసుకున్నాక గిటార్‌ను చాలా ఏళ్ళు పక్కన పెట్టిన మనిషి. ఆ వేదిక మీద అతను ఏ మతం తరఫున వచ్చాడో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

చివరగా డబ్బు. విరాళాల కోసం చేస్తున్నామంటే టికెట్లు అమ్మకముందే లెక్క తేల్చుకోండి. 1971 ఆగస్ట్ 1న జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం న్యూయార్క్‌లో చేసిన కచేరీ ఈ రకం కచేరీలన్నిటికీ పెద్దన్న. టికెట్ డబ్బు, దాదాపు రెండున్నర లక్షల డాలర్లు, త్వరగానే యునిసెఫ్‌కు చేరింది. కానీ రికార్డు, సినిమాల మీద వచ్చిన అంతకంటే ఎన్నో రెట్ల సొమ్ము పన్నుల తగాదాలో ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. సేవా సంస్థ పేరుతో ముందే ఏర్పాటు చేసుకోకపోవడమే కారణం. మాంచెస్టర్‌లో ఆ పొరపాటు జరగనివ్వలేదు, డబ్బు బ్రిటిష్ రెడ్‌క్రాస్ ద్వారా బాధితుల నిధికి వెళ్ళింది. ఏ సంస్థకు, ఏ ఖాతాలోకి, ఎన్ని రోజుల్లో వెళ్తుందో, రికార్డింగ్ హక్కుల మీద వచ్చేది ఎవరిదో కాగితం మీద రాయించి, బ్యాండ్ చేతా హాలు యజమాని చేతా సంతకాలు చేయించండి. రెండు వర్గాల బాధితులూ ఉన్న చోట అయితే ఆ నిధి ఇద్దరికీ అందుతుందన్న వాక్యం అందులో స్పష్టంగా ఉండాలి, పోస్టర్ మీద కూడా.